ఛాయ నుండి రేఖకు

నరసరావుపేట నుండి కోటప్పకొండకు వెళ్ళే దారిలో, కొండ ఇంకా దూరాన ఉండగానే, ఆకాశానికి అడ్డంగా మూడు వంపులు కనిపిస్తాయి. ఏ దిక్కున నిలిచి చూసినా ఆ త్రికూటాద్రి శిఖరాలు మూడుగానే కనిపిస్తాయని ఈ ప్రాంతంలో ప్రతీతి. నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆ మూడు వంపులూ గీచి "ఇదేమిటి?" అని అడిగితే పల్నాటి పిల్లవాడు తడుముకోకుండా "కోటప్పకొండ" అంటాడు. అదే కొండను మహాశివరాత్రినాడు ఛాయాచిత్రంగా తీయండి. అందులో కొండ ఉంటుంది. దానితోపాటు ఎత్తైన ప్రభలు, వాటి విద్యుద్దీపాలు, కరెంటు తీగలు, బస్సులు, తినుబండారాల దుకాణాలు, వేలాది తలలు కూడా ఉంటాయి. ఛాయాచిత్రం కంటబడినదంతా చెబుతుంది. సుద్దగీత ఒక్క మాటే చెబుతుంది. చొక్కా మీద అచ్చు వేయవలసి వచ్చినప్పుడు మనకు కావలసినది ఆ ఒక్క మాటే.

నేటి కళాశాలల్లో టీ షర్టుల మీద బొమ్మలు అచ్చు వేయించుకోవటం సర్వసాధారణమైంది. కబడ్డీ జట్టుకు ఒకటి, సేవాశిబిరానికి ఒకటి, వీడ్కోలు సభకు మరొకటి. ఒక ఫొటోను తీసుకొనిపోయి దుకాణంలో ఇస్తే బొమ్మ దానంతట అదే తయారవుతుందని పలువురి భావన. ప్రాచీన కావ్యాల నడుమ జీవితం గడిపిన నేను కూడా అట్లే అనుకొన్నాను. ఆ అభిప్రాయం తప్పని మా విద్యార్థులతోపాటు నేనూ నేర్చుకొన్న సందర్భం ఒకటి ఉన్నది.

మా కళాశాలలో ముప్పై యేళ్ళకు పైగా గంట కొట్టిన అటెండరు ఒకాయన పదవీ విరమణ చేయబోతున్నాడు. అధ్యాపకులు మారారు, ప్రిన్సిపాళ్ళు మారారు, గదులకు రంగులు మారాయి. వేపచెట్టు కొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క, దానిని మ్రోగించే ఆయన చేయి మారలేదు. పిల్లలందరికీ ఆయన 'బాబాయి'. ద్వితీయ సంవత్సరం విద్యార్థులు ఆయన బొమ్మతో నలభై టీ షర్టులు వేయించి, వీడ్కోలు సభకు ధరించి రావాలని సంకల్పించారు. మురికి కనపడదని నల్లరంగు గుడ్డను ఎంచుకొన్నారు. నల్లగుడ్డకు తెల్లసిరా. ఆయన గుర్తింపుకార్డు కోసం ఎప్పుడో తీసిన చిన్న ఫొటో ఆఫీసులో దొరికింది. కంప్యూటరు తెలిసిన కుర్రవాడొకడు దానిని నలుపు తెలుపులుగా మార్చాడు. శుభలేఖలు, బట్టలకొట్టు సంచులు అచ్చువేసే దుకాణం ఒకటి ఉంటే, అక్కడ ముందుగా ఆరు చొక్కాలు వేయించారు.

అవి చూసి అందరూ నిశ్చేష్టులయ్యారు. తల నెరసిన, చామనచాయ దాటిన ఆ పెద్దమనిషి చొక్కా మీద నల్లని జుట్టుతో, సున్నం పూసినట్లున్న తెల్లని ముఖంతో, బొగ్గు వంటి పళ్ళతో ప్రత్యక్షమయ్యాడు. ఆ సమయానికి అటుగా వచ్చిన బాబాయి ఒక చొక్కాను చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ దొర ఎవరమ్మా?" అని అడిగాడు. ఒక్కరూ సమాధానం చెప్పలేకపోయారు.

దుకాణదారు చేసిన పొరపాటు ఇందులో ఏమీ లేదు. ఇచ్చినదానిని ఇచ్చినట్లు అచ్చు వేశాడు. దోషం ఎక్కడ ఉన్నదో తెలియాలంటే ఈ ముద్రణ ఎట్లా జరుగుతుందో ముందు తెలుసుకోవాలి.

దీనిని స్క్రీన్ ప్రింటింగ్ అంటారు. చెక్కచట్రానికి సన్నని వలగుడ్డను బిగించి కడతారు. ఒకప్పుడు అది పట్టుగుడ్డ. మాంచెస్టరుకు చెందిన శామ్యూల్ సైమన్ 1907లో పట్టుతెర మీద అచ్చువేసే పద్ధతికి పేటెంటు పొందాడు. ఇప్పుడు నైలాను, పాలియెస్టరు వలలు వాడుతున్నారు. ఆ వలకు వెలుగు తగిలితే గట్టిపడే లేపనాన్ని చీకటిగదిలో పూస్తారు. దాని పైన పారదర్శకమైన ఫిలిమును ఉంచి వెలుగు చూపిస్తారు. ఫిలిము మీద నల్లగా ఉన్నచోట వెలుగు ఆగిపోతుంది కనుక అక్కడి లేపనం గట్టిపడదు; నీళ్ళు కొట్టగానే కరిగిపోయి వలరంధ్రాలు తెరచుకొంటాయి. మిగిలినచోట లేపనం గోడవలె నిలుస్తుంది. చట్రాన్ని చొక్కా మీద పెట్టి, సిరా పోసి, రబ్బరు అంచు గల పలకతో లాగితే తెరచుకొన్న రంధ్రాల గుండా మాత్రమే సిరా గుడ్డకు దిగుతుంది. తరువాత వేడిమి తగిలించి సిరాను స్థిరపరుస్తారు.

ఇందులో విద్యార్థులు గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. వలరంధ్రం సిరాను దిగనిస్తుంది, లేదా ఆపుతుంది. సగం దిగనీయటం దానికి చేతకాదు. ఛాయాచిత్రంలో నలుపుకూ తెలుపుకూ నడుమ లెక్కలేనన్ని బూడిదచాయలు ఉంటాయి. కంప్యూటరు సాధారణంగా వాటిని 256 మెట్లుగా లెక్కిస్తుంది. సున్న అంటే కటిక నలుపు, 255 అంటే స్వచ్ఛమైన తెలుపు. తెర మీదికి వచ్చేసరికి ఆ 256 మెట్లూ రెండే కావాలి. నడుమ ఎక్కడో ఒకచోట గీత గీచి, దానికి పైనున్నవన్నీ తెలుపనీ, కిందివన్నీ నలుపనీ తీర్మానించాలి. ఫొటోలను దిద్దే సాఫ్ట్‌వేర్లలో ఈ పనికి త్రెషోల్డ్ అనే సాధనం ఉంటుంది. వార్తాపత్రికల ఫొటోలలో వలె బూడిదచాయలను చిన్న పెద్ద చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ పద్ధతి మరొకటి లేకపోలేదు గాని, ముతక వల మీద, సాగే గుడ్డ మీద ఆ చుక్కలు నిలవటం కష్టం.

ఇప్పుడు మా 'దొర' పుట్టుక సులభంగా అర్థమవుతుంది. కుర్రవాడు యంత్రం చూపిన 128వ మెట్టు దగ్గరనే గీత గీచాడు. యంత్రానికి అది సరిగ్గా నడిమధ్య. అయితే పల్నాటి ఎండలో ముప్పై యేళ్ళు తిరిగిన ముఖానికి నడిమధ్య అది కాదు. ఆయన నుదురు, బుగ్గలు, గడ్డం అన్నీ 128కి కిందనే ఉన్నాయి. కనుక ముఖమంతా నలుపు లెక్కలోకి పోయింది. నెరసిన జుట్టు, పళ్ళు మాత్రం తెలుపు లెక్కలో నిలిచాయి. ఆపైన రెండవ తప్పు జరిగింది. ఫిలిము మీది నలుపే చొక్కా మీద సిరా అవుతుందని చెప్పాను. తెల్లచొక్కాకు నల్లసిరా వేస్తే అది న్యాయమే. ఇక్కడ సిరా తెల్లనిది. ముఖం తెల్లగా దిగింది. జుట్టు, పళ్ళు ఉన్నచోట చొక్కా నలుపు మిగిలింది. నల్లగుడ్డ మీద అచ్చు వేయవలసినది వెలుగునే గాని నీడను కాదు. ఎంత పరిచయస్థుల ముఖమైనా వెలుగునీడలు తారుమారైతే మనం గుర్తుపట్టలేమని పాత ఫొటోల నెగటివులు చూసిన నా తరం వారికి అనుభవమే.

పిల్లలు రెండవ తప్పును వెంటనే దిద్దారు. వెలుగునీడలను తిరగవేయటం ఒక్క క్షణం పని. మొదటి తప్పు అంత తేలికగా లొంగలేదు. గీతను 128 నుండి 100కు, 80కి, 60కి దింపుకొంటూ పోయారు. ముఖం మెల్లగా తేలింది గాని, అది తెల్లని పళ్ళెంలో రెండు కళ్ళు, ఒక మీసం పెట్టినట్లుగా ఉన్నది. ముక్కు లేదు, దవడ లేదు. ఇందుకు మూలం ఆ ఫొటోలోనే ఉన్నది. గుర్తింపుకార్డు ఫొటోకు వెలుగు ఎదుటి నుండి పడుతుంది. ఎదుటి వెలుగు ముఖం మీది మిట్టపల్లాలను చెరిపివేస్తుంది. నీడ లేనిచోట ఆకారం లేదు. ఏ సాఫ్ట్‌వేరూ ఫొటోలో లేని నీడను నమ్మదగిన విధంగా పుట్టించలేదు. పక్క నుండి, కొంచెం పై నుండి వెలుగు పడినప్పుడే ముక్కు తన నీడను బుగ్గ మీద వేస్తుంది, దవడ తన నీడను మెడ మీద వేస్తుంది. కనుక మంచి రేఖాచిత్రం కంప్యూటరు దగ్గర కాక ఫొటో తీసే వేళనే మొదలవుతుంది. వసారా అంచున, ఉదయం తొమ్మిది పది గంటల వెలుగులో తీసిన మామూలు సెల్‌ఫోను ఫొటో, పగటివేళ ఎదుటి ఫ్లాషుతో తీసిన ఖరీదైన కెమెరా ఫొటో కంటే ఈ పనికి ఎంతో మేలు.

ఫొటో మళ్ళీ తీయాలంటే బాబాయిని అడగక తప్పదు. అప్పుడు గాని మాకు స్ఫురించలేదు, అసలు తన ముఖాన్ని చొక్కాల మీద వేయటం ఆయనకు సమ్మతమేనా అని ఇంతవరకు ఎవ్వరమూ అడగనే లేదని. అడిగాము. ఆయన కాసేపు తలవంచుకొని ఊరకున్నాడు. "మీ అభిమానం గొప్పదే సార్. కానీ చొక్కా అన్నాక ఉతుకుతారు గదా. నా మొగాన్ని బండకేసి బాదుతారు. మా ఇంటిది చూసిందంటే ఊరుకోదు" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ మాటలో పరిహాసం కొంత, అయిష్టం ఎక్కువ ఉన్నాయి. సభకు నాలుగు రోజుల వ్యవధి ఉన్నది. ఆరు చొక్కాలు అప్పటికే పాడయ్యాయి. ముఖం వద్దంటే ఇక బొమ్మ ఏమిటి?

ఈ విషయంలో ప్రపంచప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఇక్కడ తలచుకోవాలి. క్యూబా ఛాయాగ్రాహకుడు అల్బెర్టో కోర్డా 1960 మార్చి 5న హవానాలో జరిగిన ఒక సంతాపసభలో చే గువేరా ఫొటో తీశాడు. అసలు ఫొటోలో ఒక పక్క మరొక మనిషి ముఖం, ఇంకొక పక్క తాటాకులు ఉన్నాయి. వాటిని కత్తిరించి గువేరాను ఒంటరిగా నిలిపాడు. 1968లో ఐర్లండు చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ దానిని బూడిదచాయలు లేని నలుపుగా కుదించి, ఎర్రని నేపథ్యం మీద నిలిపాడు. టోపీ, నక్షత్రం, పైకి చూస్తున్న చూపు, చెదరిన జుట్టు, మిగిలినవన్నీ పోయాయి. ఆ తరువాత అది ఎక్కని చొక్కా లేదు. ఆ ఫొటో విరివిగా వాడుకలోకి వచ్చినా కోర్డా దశాబ్దాలపాటు ప్రతిఫలం అడగలేదు. ఒక మద్యం ప్రకటనలో వాడినప్పుడు మాత్రం 2000లో న్యాయస్థానానికి వెళ్ళాడు; రాజీలో లభించిన సొమ్మును క్యూబా పిల్లల వైద్యానికి ఇచ్చివేశాడు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం కూడా ఛాయాచిత్రాన్ని కళాకృతిగానే పరిగణిస్తుంది. కావ్యానికి కవి వలె ఫొటోకు దానిని తీసినవారే కర్త. డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకొన్న చిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకొన్నవారే తొలి హక్కుదారులు. ఎక్కడో కనిపించిన సినిమా నటుని ఫొటోను దించి నలభై చొక్కాలు వేయించే విద్యార్థులు ఈ సంగతిని ఆలోచించరు. చట్టం మాట అట్లా ఉంచితే, మా బాబాయి అయిష్టం ఏ చట్టంలోనూ లేకపోయినా అంతకంటె తక్కువది కాదని నాకు తోచింది.

దారి చూపినది ఒక విద్యార్థిని. గురజాల సమీప గ్రామం నుండి వచ్చి చదువుకొనే ఆ అమ్మాయి తండ్రి నాపరాతి గనిలో పనిచేసేవాడు. ఆమెకు బొమ్మలు గీయటంలో నేర్పు ఉన్నది. "ముఖం వద్దన్నాడు గానీ గంట కొట్టటం వద్దనలేదు గదా సార్" అన్నది. ఆ మాట బాబాయితో చెప్పగా ఆయన ముఖం విచ్చుకొన్నది. "అదైతే వేసుకోండమ్మా" అన్నాడు.

మరునాటి ఉదయం మొదటి గంట వేళకు ఫొటోలు తీశారు. తూర్పు వెలుగు ఆయన వీపు మీదుగా, పక్క నుండి పడుతున్నది. ఎత్తిన చేతిలో సుత్తి, భుజం మీద తువ్వాలు, ఎదుట రైలుపట్టా ముక్క. పదిహేను ఫొటోలు తీస్తే ఒకదానిలో మాత్రమే సుత్తికీ పట్టాకూ నడుమ ఖాళీ స్పష్టంగా ఉన్నది. మిగిలినవాటిలో రెండూ కలిసిపోయి ఒకే ముద్దగా కనిపించాయి. చూసేవారికి తెలియవలసిన విషయం ఆ ఖాళీలోనే ఉన్నది కనుక దానినే తీసుకొన్నారు.

తరువాతి పని మొత్తం తీసివేతే. సైకిళ్ళ షెడ్డు, నోటీసుబోర్డు, గోడమీది నినాదం, వెనుక నిలిచి చూస్తున్న ఇద్దరు పిల్లలు పోయారు. రంగును బూడిదచాయగా మార్చి, వెలుగునీడల తేడాను పెంచి, 60, 90, 130 మెట్ల దగ్గర మూడు వేర్వేరు ప్రతులు కాగితం మీద తీశారు. ఏ ఒక్క ప్రతీ సంపూర్ణంగా లేదు. 60 దగ్గర నుదుటి నుండి ముక్కు మీదుగా పెదవి వరకు వెలుగుటంచు బాగున్నది. 130 దగ్గర మణికట్టు, సుత్తిపిడి బాగున్నాయి. 90లో తువ్వాలు మడతలు బాగున్నాయి. అమ్మాయి ట్రేసింగు కాగితం పరచి, ఏది ఏ ప్రతిలో బాగుంటే దానిని అందులో నుండి ఎత్తి, నల్లకలంతో మళ్ళీ గీచింది. ఈ పనిని సాఫ్ట్‌వేరులోనూ చేయవచ్చు. డబ్బు పెట్టకుండా దొరికే గింప్, ఇంక్‌స్కేప్ వంటివి ఇందుకు చాలు. కానీ యంత్రం తనంతట గీచినదానిని అట్లే ఒప్పుకోరాదు. దానికి కనురెప్ప నీడా, గోడమీది మరకా ఒక్కటే. ఏది మనిషి, ఏది మరక అని చెప్పవలసినది మనమే.

ఆమె మొదటి చిత్తులో తువ్వాలుకు తొమ్మిది మడతలు ఉన్నాయి. రెండవదానిలో నాలుగు. చివరికి రెండే నిలిచాయి. చొక్కా గుండీలు పోయాయి, చెవిలోని గీతలు పోయాయి. ముఖంలో నుదుటి నుండి గడ్డం దాకా వెలుగు పడిన ఒక్క అంచు తప్ప ఏమీ మిగలలేదు. అక్కడ ఆమె చేయి ఆగింది. "కళ్ళు లేకపోతే మనిషి ఎట్టా అవుతాడు సార్?" అన్నది.

ఆ ప్రశ్నకు సమాధానం మన జిల్లా రాళ్ళలోనే ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి అమరావతి, నాగార్జునకొండ రెండూ వచ్చాయి. ఈ నేల సున్నపురాతి మీదనే నాటి శిల్పులు బుద్ధుని కథలు చెక్కారు. అమరావతి తొలినాటి ఫలకాలలో చాలాచోట్ల బుద్ధుడు మనిషిగా కనిపించడు. ఒక ఖాళీ ఆసనం ఉంటుంది. చక్రచిహ్నం గల పాదముద్రలు ఉంటాయి. ఒక రావిచెట్టు ఉంటుంది. జ్వలించే స్తంభం ఉంటుంది. చుట్టూ భక్తులు చేతులు మోడ్చి ఉంటారు. వారందరి చూపూ ఆ ఖాళీ వైపే. శిల్పులు ఇట్లా ఎందుకు చేశారన్న దానిపై పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. తరువాతి కాలపు శిల్పాలలో బుద్ధుని మానవరూపమూ వచ్చింది. ఏమైనా, ముఖం చెక్కకుండానే మహాపురుషుని సన్నిధిని తెలుపవచ్చునని ఆ రాళ్ళు నిరూపిస్తున్నాయి. గంట, సుత్తి, ఎత్తిన చేయి ఉన్నచోట మా కళాశాలలో చదివినవారెవరికైనా కళ్ళు తామే కనిపిస్తాయని ఆమెతో అన్నాను. నమ్మినట్లు కనిపించలేదు గాని కళ్ళు గీయలేదు.

ఇది కవుల ఊహ మాత్రమే కాదు. మూనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1957లో నడిమిచాయలు లేకుండా నలుపు తెలుపు మచ్చలుగా మాత్రమే ఉన్న ముఖచిత్రాలతో పరీక్షలు జరిపాడు. మచ్చల నడుమ లేని అంచులను చూసేవాని మనస్సే పూరించుకొని ముఖంగా కూర్చుకొంటుందని వాటివల్ల తెలిసింది. మన ఆలంకారికులు ధ్వని అన్నదానికి ఇది కంటిలో జరిగే రూపమని నాకనిపిస్తుంది. చెప్పినది కొంత, స్ఫురించినది అధికం.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రంలో ఒక ముచ్చట ఉన్నది. చిత్రంలో ఆచార్యులు రేఖను మెచ్చుకొంటారట. విచక్షణులు వర్తనను, అనగా వెలుగునీడల మేళవింపును మెచ్చుకొంటారట. స్త్రీలు ఆభరణాలను, తక్కినవారు రంగుల సమృద్ధిని కోరుకొంటారట. స్త్రీల మాట ఆ కాలపు అభిప్రాయం. మా విద్యార్థిని దానిని అక్కడికక్కడే ఖండించింది, రేఖను ఎంచుకొన్నది ఆమెయే గదా! ఆ విభజనలోని మొదటి రెండు మాటలు మాత్రం మన అంశానికి నేరుగా పనికివస్తాయి. ఛాయాచిత్రానికి ప్రాణం వర్తన. తెరముద్రణ వర్తనను ఒప్పుకోదు. ఫొటో నుండి చొక్కాకు ప్రయాణించటమంటే వర్తనను విడిచి రేఖను చేరటమే. తోలుబొమ్మలు చేసేవారు, పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవారు తరతరాలుగా చేస్తున్నదీ అదే. తోలుబొమ్మ ముఖాన్ని ఎక్కువగా పక్కవాటుగా చూపుతారు. ఎదుటి నుండి చూస్తే ముక్కు ముఖంలో కలిసిపోతుంది, పక్క నుండి చూస్తే అది అంచుగా నిలుస్తుంది. కలంకారీలో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు చెక్కాలి. తెరముద్రణలోనూ అంతే, ఎన్ని రంగులో అన్ని చట్రాలు. చట్రం పెరిగితే ఖర్చు పెరుగుతుంది. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదరకపోతే బొమ్మ అంచు చెదురుతుంది. కనుక చేయి తిరగనివారు ఒక్క రంగుతో మొదలుపెట్టటం ఉత్తమం.

ఈ రోజుల్లో డీటీఎఫ్ వంటి పద్ధతులు వచ్చాయి. ఫొటోను ఉన్నదున్నట్లు, అన్ని రంగులతో ఫిలిము మీద అచ్చువేసి, వేడితో గుడ్డకు అతికిస్తారు. ఒక్క చొక్కా కావాలన్నా వేసి ఇస్తారు. అటువంటప్పుడు ఇంత శ్రమ దేనికని విద్యార్థులు అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. అయితే రొమ్మంత వెడల్పున అతికించిన ఆ పొర గాలి ఆడనీయదు. వేసవి ఎండలకు రాష్ట్రమంతటా పేరుపడిన రెంటచింతల మన ప్రాంతంలోదే. అక్కడ మే నెలలో అటువంటి చొక్కా తొడుక్కొన్నవారిని అడిగితే చెబుతారు. మరొక కారణం ఏమిటంటే, ఉన్నదంతా చూపిన ఫొటో నాలుగడుగుల దూరంలో రంగులమరకగా మారిపోతుంది. రేఖాచిత్రం రోడ్డుకు అటుపక్క నుండి కూడా చదువుకోవచ్చు. మన ఎన్నికల గుర్తులను చూడండి. బొటనవేలంత చోటులో అచ్చయినా సైకిలు సైకిలుగానే తెలుస్తుంది.

గుడ్డ స్వభావం కూడా ఎరిగి ఉండాలి. టీ షర్టు గుడ్డ నేసినది కాదు, అల్లినది, ఒంటిమీద సాగుతుంది. కాగితం మీద నిలిచే వెంట్రుకవంటి గీత దానిమీద తెగిపోతుంది. అర మిల్లీమీటరు కంటె సన్నని గీతను నమ్మవద్దని దుకాణదారు మమ్మల్ని హెచ్చరించాడు. రెండు గీతల నడుమ ఖాళీ మరీ ఇరుకైతే సిరా వ్యాపించి పూడ్చివేస్తుందని కూడా చెప్పాడు. ఒంటరి చుక్కలను చెరిపివేయాలి, లేదా పక్క గీతతో కలపాలి. ఇన్ని చేశాక అమ్మాయి బొమ్మను అసలు కొలతలో కాగితం మీద తీసి, ఒక కుర్రవాని చొక్కాకు గుండుసూదులతో గుచ్చి, వరండా ఆ చివర నిలబెట్టింది. పది బారల దూరం నుండి చూశాము. కళ్ళు సగం మూసి చూశాము. ఇటుగా పోతున్న ప్రథమ సంవత్సరం విద్యార్థినులు ఇద్దరిని పిలిచి, ఏమీ చెప్పకుండా, "ఇదెవరు?" అని అడిగాము. "బాబాయి!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. అమ్మాయి ముఖం అప్పుడు చూడవలసింది.

ఫిలిము దుకాణానికి వెళ్ళింది. సాయంత్రం చట్రం సిద్ధమైందని కబురు వస్తే ఆమె, మరొక విద్యార్థి చూడబోయారు. గుడ్డపీలిక మీద వేసిన నమూనా చక్కగా వచ్చింది. గీతలు నిండుగా ఉన్నాయి. దుకాణదారు చొక్కాలు వరుసగా పేర్చి, సిరా కలుపుతున్నాడు. ఆమె నమూనాను వెలుగులో పట్టుకొని చూసి, ఒక్కసారిగా, "ఆగండి అన్నా!" అన్నది.

మా బాబాయిది ఎడమచేతి వాటం. సుత్తి ఎడమచేతిలో ఉండాలి. నమూనాలో అది కుడిచేతిలోకి వచ్చింది. ఫిలిమును తెర మీద తలకిందుగా కాక, వెనుకవైపు ముందుకు పెట్టినప్పుడు బొమ్మ అద్దంలో వలె పక్కలు మారుతుంది. అక్షరాలు ఉంటే ఎవరైనా వెంటనే పట్టుకొంటారు. ఈ బొమ్మలో అక్షరాలు లేవు. అందువల్లనే ఫిలిము అంచున, బొమ్మకు బయట, ఒక అక్షరమో బాణం గుర్తో వేసి ఉంచటం మంచి అలవాటు. ఆ సంగతి మాకు అప్పటికి తెలియదు. చట్రాన్ని కడిగి, లేపనం మళ్ళీ పూసి, ఆరబెట్టి, మళ్ళీ వెలుగు చూపించేసరికి రాత్రి పదకొండు దాటింది. అదనపు ఖర్చును పిల్లలు పంచుకొన్నారు.

సభనాడు నలభైమందీ ఆ నల్లచొక్కాలతో వరుసగా నిలబడ్డారు. బాబాయి దండ మెడలో వేసుకొని, కళ్ళజోడు సరిచేసుకొని, మొదటి కుర్రవాని రొమ్ము దగ్గరకు వంగి బొమ్మను చూశాడు. వేలితో గాలిలో ఆ గీత వెంబడి పోయాడు, నుదురు, ముక్కు, గడ్డం, భుజం, చేయి. సుత్తి దగ్గర వేలు ఆగింది.

"ఎడమచెయ్యి" అన్నాడు. "నేనే."